గంగులప్ప సారు కట్టేసిన కరెంటు

మొన్న పుంగనూరులో ఒక సెల్ టవర్ గది పక్కగా నడుస్తుంటే, తెరిచిన తలుపులోంచి వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. తొంభైలలో మదనపల్లె దగ్గర గుట్టమీది టీవీ రిలే కేంద్రంలో, మా ఇంజనీరు గంగులప్ప సారు దగ్గర పని నేర్చుకున్న రోజులు ఒక్కసారిగా మీదపడ్డాయి.

సారు సరదా మనిషి. కానీ ట్రాన్స్‌మిటరు ఆన్‌లో ఉండగా దాని తలుపు ముట్టుకుంటే మాత్రం ఊరుకునేవారు కారు. ఒకసారి క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లలో బొమ్మ చెదిరిపోయింది. ఫోన్ల మీద ఫోన్లు! నేను ఆత్రంగా తలుపు తీసి చెయ్యి పెట్టబోయాను. టక్కున అంతా ఆగిపోయింది. సారే మెయిన్ స్విచ్ కట్టేశారు. మదనపల్లెలో టీవీలన్నీ బంద్!

"సార్, ఊరంతా తిడతారు!"

"తిట్టనీలేప్పా. బొమ్మ మళ్లా వస్తాది. నీకేమన్నా అయితే యాడ తెచ్చేది?"

బొమ్మ తిరిగొచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. పెళ్లయి చాలాకాలమైనా పిల్లలు లేరని మా అమ్మ నా భార్య సుజాతను ఆస్పత్రుల చుట్టూ తిప్పుతోందని ఆయనకు తెలుసు.

"ఆ యమ్మనే యాల తిప్పతా ఉండారు? నువ్వు పరీక్ష చేయించుకున్న్యావా?"

"నాకేం సార్, బాగానే ఉండాను."

"నేనూ అట్లే అనుకున్న్యా. వయసులో ఇట్లాంటి మిషన్లు ఆన్‌లో ఉండంగానే తలుపు తెరిచి, ఆ వేడిలో, రేడియేషన్లో పని చేసినా. బిడ్డలు లేరని అందరూ మా ఇంటామె లలితనే అన్నారు. కడాకు చూస్తే లోపం నాలో ఉండాది. మిషన్ల వల్లనో, ఇంగో దాని వల్లనో డాక్టర్లే చెప్పలేకపోయిరి. తెలీనప్పుడు జాగ్రత్తగా ఉండేదే మేలప్పా."

ఒక మగవాడు ఆ మాట దాచకుండా చెప్పడం నేను వినడం అదే మొదలు.

ఆ వారమే చేయించుకున్న నా పరీక్షలో వీర్యకణాలు తక్కువని తేలింది. ఆ సంగతి నేనే మా అమ్మకు చెప్పాను. పక్కనే ఉన్న సుజాత భోరున ఏడ్చేసింది, ఇన్నాళ్ల బరువు దిగినట్టు. కణాలు తగ్గడానికి కారణం మిషన్లేనని డాక్టరూ చెప్పలేదు. మందులు రాసి, కొన్నాళ్లు వేడికీ రేడియేషన్‌కూ దూరంగా ఉండి చూడమన్నాడు. సారు పైవాళ్లతో పోట్లాడి నన్ను కుప్పంలోని మా సామాన్ల స్టోరుకు మార్పించారు. తర్వాతి పరీక్షలో ఫలితం మెరుగైంది.

ఒక మధ్యాహ్నం సుజాత నవ్వుతూ, రొప్పుతూ స్టోరుకే వచ్చేసింది. ఆమె నోరు తెరవకముందే నాకు అర్థమైపోయింది! ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి సారుకు చెప్పాను.

"సరిగ్గా ఇనపడలేదప్పా, ఇంగొకసారి చెప్పు!"

ఆయనకు మొదటిసారే వినిపించింది. అయినా మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

పాప పేరు పెట్టే రోజు సారూ లలితమ్మగారూ కుప్పం వచ్చారు. పిల్లలు లేనామె ఉయ్యాల దగ్గరకు రాకూడదని ముసలమ్మలు గుసగుసలాడారు. లలితమ్మగారు వెనక్కి తగ్గారు. సుజాత తిన్నగా వెళ్లి పాపను ఆమె చేతుల్లోనే పెట్టింది. "ముందు మీరే ఉయ్యాల్లో ఎయ్యండమ్మా." మా అమ్మే అందరినీ జరిపి దారి ఇచ్చింది. సారు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

ఆయన ఇప్పుడు లేరు. నేర్పిన పని కూడా చాలావరకు ఆ యంత్రాలతో పాటే పాతబడిపోయింది. పెళ్లయి బెంగగా ఉన్న కుర్రవాళ్లు ఎవరైనా నా దగ్గర కూర్చుంటే మాత్రం, ముందు నా కథే చెబుతాను. చెప్పేటప్పుడు గొంతు తగ్గించను.