మిరప ధూళి మీద వేసిన నింద

కౌల్ బజార్‌లో ఎండుమిరప వ్యాపారి ఒకాయనకు బిల్లులు వేసే ప్రోగ్రాం రాసిచ్చాను. అందులో ఒక మూలన, ఆ రోజు మార్కెట్ రేట్లు కనిపించేలా చిన్న బ్రౌజర్ కూడా అమర్చాను. రేట్ల పేజీ తెరుచుకునేదాకా బిల్లు కదిలేది కాదు. దాంతో ఆ బ్రౌజర్‌ను వేరే థ్రెడ్‌లోకి, అంటే తెర వెనక విడిగా నడిచే పనిలోకి తోసేశాను. బిల్లులు చకచకా వచ్చాయి. రేట్లు ఉండాల్సిన మూల మాత్రం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉండిపోయింది.

"ఏందప్పా ఇది?" అన్నాడు వ్యాపారి.

నోటికొచ్చింది చెప్పాను. "నెట్ వైరులోకి మిరప ధూళి పోయినట్టుండాది."

ఆయన నమ్మాడు. ఆ కొట్లో మనుషులే మాటకోసారి తుమ్ముతారు, వైరుకు మాత్రం మినహాయింపు ఏముంది? మోడెమ్‌కు ఉతికిన తువ్వాలు చుట్టాడు. బస్తాలన్నీ సందులోకి మోయిస్తే ఆటోలు ఆగిపోయాయి. నెట్ వైర్లు లాగే ఆయన మూడు రోజుల్లో మూడుసార్లు కరెంటు కంబమెక్కి, వైరు మార్చి, తుమ్ముకుంటూ దిగాడు.

రెండో రోజే ఇంట్లో నా ఫోన్ నెట్‌తో ఆ ప్రోగ్రాం నడిపి చూశాను. అక్కడా తెలుపే. మా ఇంట్లో మిరపకాయలు వంటింటి డబ్బా దాటి రావు. తప్పు నాదేనని తేలిపోయింది. పేజీ వచ్చేదాకా నిద్రపొమ్మని ఆ థ్రెడ్‌కు నేనే రాశాను. పేజీ వచ్చిందన్న కబురు అందుకోవాల్సింది కూడా అదే. గడియ పెట్టుకుని పడుకుని, చుట్టం రాలేదేమని ఎదురుచూసినట్టు. తెలిసీ ఇంకో రోజు నోరు మెదపలేదు.

మూడో రోజు వ్యాపారి నెట్ ఆయనతో తెగేసి చెప్పాడు. "రేపట్నుంచి నీ నెట్ వద్దప్పా. నీ వైరు ధూళికే చస్తాదని బజారంతా చెప్తా."

నెట్ ఆయన నిచ్చెనను గోడకు ఆనించాడు. "ఈ సందులో అన్నీ నా వైర్లే అన్నా. నువ్వు చెప్తే అందరూ పీకేస్తారు. నేను యాడికి పోవల్ల?"

ఆ మాట విన్నాక దాచలేకపోయాను. మొత్తం కక్కేశాను.

"అంటే," అన్నాడు నెట్ ఆయన, "లోపల నీవోడు గడియేసుకుని పండుకునుంటే, నన్ను మూడు తూర్లు కంబమెక్కించినావా?"

"అవునన్నా."

"దిగినప్పుడల్లా టీ ఇప్పిస్తివి కదప్పా. మంచోడనుకుంటి."

ఆ టీలు గుర్తొస్తే ఇప్పటికీ తల వంగిపోతుంది.

అక్కడే కూర్చుని, ఆ థ్రెడ్ నిద్రపోకుండా తనకొచ్చే కబుర్లు వింటూ ఉండేలా తిరగరాశాను. రేట్లు వచ్చాయి. వ్యాపారి నెట్ ఉంచుకుంటానని చెప్పి, నెట్ ఆయనకు కుర్చీ వేయించాడు. నాకు సందులోని బస్తాలు చూపించాడు.

నాలుగో బస్తా లోపలికి మోస్తుంటే తుమ్ములు మొదలై, ఆగక నిలబడిపోయాను. నెట్ ఆయన కుర్చీలోంచే టీ ఊదుకుంటూ అన్నాడు. "సుమ్నె అట్ల ఊరికే నిలబడొద్దప్పా. నీ వైరులోకే ధూళి పోయినట్టుండాది."