గుండుతో వచ్చిన పిల్లలు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే మాటలు: ఇల్లు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో తిరుపతిలో పిల్లల సర్జరీ చదువుతున్నాను. మలద్వారం లేకుండా పుట్టిన పసివాళ్లకు అప్పట్లో మూడు విడతలుగా ఆపరేషన్ చేసేవాళ్లం. ఒకే విడతలో చేస్తే? అదే నా పరిశోధన. ఏ బిడ్డకు ఏ పద్ధతో చీటీ తీసి నిర్ణయించేవాళ్లం. అంతవరకు న్యాయంగానే జరిగింది. చిక్కల్లా ఏడాది తర్వాత బిడ్డను మళ్లీ చూడటం దగ్గర వచ్చింది. పని మానుకుని ఊరికే చూపించడానికి ఎవరొస్తారు? అందరూ కొండకు మొక్కుకున్నవాళ్లే కదా, తలనీలాలిచ్చి దిగేటప్పుడు బిడ్డను చూపించి పొమ్మన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వచ్చారు. నున్నటి గుండ్లు, గంధం పూత. వచ్చినవాళ్లలో ఒకే విడతలో చేసిన పిల్లలంతా బాగున్నారు. రానివాళ్లలోనూ ఆ పద్ధతి వాళ్లే ఎక్కువ. అది నాకు కనపడలేదా? కనపడింది.

రానివాళ్ల ఇళ్లకు వెళ్లి చూడమని మా ప్రొఫెసర్ పట్టుబడితే, ముందుగా ఒక పాప కోసం నగరి వెళ్లాను. ఒకే విడతలో నేను చేసిన పాపే. తండ్రి మరమగ్గం ఆపి బయటికొచ్చాడు.

"పాపను తీసుకొని రాలేదేమప్పా?"

"కుట్లు ఇడిపోయి చీము పట్టింది సార్. బాగైతే గుండు కొట్టిస్తామని మొక్కుకొన్నాము. పాప పోయినాక ఎవురికి కొట్టిచ్చేది? ఏం మొగం పెట్టుకొని వచ్చేది ఆడికి?"

నన్ను ఒక్క మాట అనలేదు. టీ తెప్పించాడు. తాగాను.

తిరుగు బస్సులో అర్థమైంది. నేను పిలిచింది బాగుపడ్డ పిల్లల్ని మాత్రమే. మిగతా ఇళ్లకూ వెళ్లాలి. వెళితే నా పరిశోధన ఏమవుతుంది, నెల రోజుల్లో ఉన్న పరీక్ష ఏమవుతుంది, నా మీద అంత నమ్మకం పెట్టుకున్న ప్రొఫెసర్ ముఖం ఎలా చూడాలి? పాప పేరుకు ఎదురుగా 'ఇల్లు దొరకలేదు' అని రాశాను. మిగతా పేర్లకూ అదే రాశాను, ఆ ఊళ్ల బస్సు ఎక్కకుండానే.

డిగ్రీ వచ్చింది, అక్కడే ఉద్యోగమూ వచ్చింది. ఒకే విడత పద్ధతి మా వార్డులో అలవాటైపోయింది. నేనే నేర్పాను. ఇప్పుడు ఆపమంటే ఎందుకని అడుగుతారు. చెబితే నేను మిగలను. చెప్పకపోతే రేపు పొద్దున ఇంకో పసిబిడ్డ బల్లమీదికి వస్తుంది. తర్వాత ఎందరికి కీడు జరిగిందో నాకు తెలియదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను. ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు, రానివాళ్ల సంగతేమిటి సార్ అని. ఇళ్లు దొరకలేదంటాను. రాసుకుంటాడు.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి నగరిలో ఉన్నాడు. సిగ్గుగా ఉంది, భయంగా కూడా ఉంది. అయినా ఈ ఒక్కటి సరిగ్గా రాయనివ్వండి.

ఇల్లు దొరికింది. రైల్వే గేటు దాటాక రెండో వీధి, నీలం తలుపు.