అరువు బాబాయి

మా సంఘంలో ఆయన అరువడగని ఇల్లు లేదు. తీసుకువెళ్లిన వస్తువు చెప్పిన రోజున తిరిగొచ్చిన దాఖలా లేదు. గుమ్మంలో నిలబడి "వందనాలమ్మా" అంటూనే, లావుపాటి నల్ల కళ్లద్దాల్లోంచి నన్ను దాటి ఇంట్లో సామానంతా చూసేసేవారు. అందరూ ఆయనకు పెట్టిన పేరు అరువు బాబాయి. నేను పాస్టరు భార్యను కాబట్టి పైకి "బాబాయిగారూ" అనేదాన్ని. లోపల ఏమనుకునేదాన్నో దేవుడికి తెలుసు, మీకెందుకు?

"ఆ మిక్సీ ఒక్క పూట ఇవ్వమ్మా. వాడుకుని తెచ్చేస్తా."

"అది తిరగట్లేదు బాబాయిగారూ, మూలుగుతోంది."

"మూలగనీ. నేనూ మూలుగుతూనే ఉన్నాగా, మా ఆవిడ వాడుకోవట్లేదూ?"

చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. వారాల తర్వాత తెచ్చి బల్ల మీద దబ్బున పడేశారు. "ఏం వస్తువమ్మా ఇది! ఒక్క పూట కూడా పనికిరాలేదు. ఇంక నీ గడప తొక్కను." మర్నాడే తొక్కారు, ఇస్త్రీపెట్టె కోసం. మిక్సీ మాత్రం బ్రహ్మాండంగా తిరిగింది. బాబాయి ఇంట్లో నాలుగు రోజులుంటే మిక్సీకైనా బుద్ధొస్తుందనుకున్నాను. మావారు ప్రార్థనలో దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

అలాగని మాకు దాతలకు కొదవలేదు. సెక్రటరీగారు మందిరానికి గోడ గడియారం ఇచ్చారు. దాని మీద ఆయన పేరు, హోదా, వాళ్ల నాన్నగారి పేరు రాయించాక అంకెలకు చోటు మిగల్లేదు. కానుక ఇచ్చినవాళ్లు ఆదివారం లేచి నిలబడాలి, మేం చప్పట్లు కొట్టాలి. మా దగ్గర అదో పద్ధతి. చప్పట్లు ఆగినా సెక్రటరీగారు కూర్చోలేదు. గడియారం మాత్రం ఆ నెల్లోనే ఆగిపోయింది. దాన్నీ బాబాయి అరువు తీసుకుపోయారు. తిరిగొచ్చాక మళ్లీ నడుస్తుంటే, "మంచి కంపెనీ" అన్నారు సెక్రటరీగారు.

ఆఖరికి బాబాయి కన్ను మావారి స్కూటరు మీద పడింది. అది మావారిని మోసినదానికన్నా మావారు దాన్ని తోసిందే ఎక్కువ. అయినా ఆస్పత్రిలో రోగుల దగ్గరికి వెళ్లాలన్నా, ఏటి అవతల చిన్న సంఘానికి వెళ్లాలన్నా అదే గతి. కొత్తది కొనే తాహతు మాకు లేదు, కొనిపెట్టే ఆలోచన సంఘానికి లేదు. అలాంటిది, అడిగిందే తడవుగా మావారు తాళం చేతిలో పెట్టేశారు.

"మీకు మతి పోయిందా?"

"పెద్దాయన నోరు తెరిచి అడిగాడు కదే."

"రేపు మిమ్మల్నే అడుగుతాడు. ఇచ్చెయ్యమంటారా?"

స్కూటరు వారాలు గడిచినా రాలేదు. మావారు ఆస్పత్రికి నడుచుకుంటూ వెళ్లారు. ఏటి అవతల ఆరాధన ఆగిపోయింది. ఆదివారం సెక్రటరీగారు లేచి, "ఇలాంటి మనిషిని సంఘంలోంచి తీసేయాలి" అన్నారు. అలవాటు కొద్దీ అందరూ చప్పట్లు కొట్టారు.

ముందు స్కూటరు రాబట్టుకుందామని నేనూ సెక్రటరీగారూ బాబాయి ఇంటికి వెళ్లాం. పిన్నిగారు తలుపు తీశారు. గోడకు గడియారం ఉంది, లోపల యంత్రం లేదు. వంటింట్లో మిక్సీ ఉంది, అడుగున మోటారు లేదు. పెరట్లో బాబాయి సొంత స్కూటరుంది. ఇంజను ఉండాల్సిన చోట పిల్లి పడుకుని ఉంది. పక్కనే బాబాయి దగ్గరుండి, మెకానిక్ చేత మా స్కూటరుకు ఆ ఇంజను బిగింపిస్తున్నారు.

"మీ ఇంట్లో ఏది చెడితే మా ఇంట్లో అది మాయమవుతుందమ్మా," అన్నారు పిన్నిగారు. "కాస్త జాగ్రత్తగా వాడుకోండి. నాకింక కుట్టుమిషనొక్కటే మిగిలింది."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఇస్తున్నానని చెప్తే ఏం పోయింది బాబాయిగారూ?"

"చెప్తే ఆదివారం లేచి నిలబడాలి. చప్పట్లు కొడతారు. నాకు సిగ్గమ్మా, చెమటలు పడతాయి. ఎవరికైనా చెప్పావో, మిక్సీ మోటారు విప్పుకుపోతా!"

సెక్రటరీగారు గొంతు సవరించుకున్నారు. "అయితే నా గడియారంలో..."

"లోపలిది నాదేనండి. పైన మీ పేరు మాత్రం ముట్టుకోలేదు."

తర్వాతి ఆదివారం సెక్రటరీగారు అలవాటుగా లేచారు. మూల బెంచీలో ఉన్న బాబాయిని చూసి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. మా సంఘ చరిత్రలో అదే మొదటిసారి.

మొన్న బాబాయి మళ్లీ వచ్చారు. లోపల మావారు బైబిలును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదువుతున్నారు. బాబాయి చూపు అక్కడ ఆగింది.

"అయ్యగారిని ఒక్క పూట ఇవ్వమ్మా. వాడుకుని తెచ్చేస్తా."

ఇచ్చేశాను. సాయంత్రం తెచ్చి అప్పగించారు. "ఏం మనిషమ్మా! ఒక్క పూట కూడా పనికిరాలేదు."

మావారి ముక్కు మీద కళ్లద్దాలున్నాయి. అద్దాలు కొత్తవే. ఆ లావుపాటి నల్ల ఫ్రేము మాత్రం నాకు బాగా తెలుసు. నేను నోరు తెరిచేలోగా బాబాయి వెనుదిరిగి, గేటనుకుని ప్రహరీగోడను తోస్తున్నారు.

"ఏం గేటమ్మా ఇది! బిగుసుకుపోయింది. ఒక్క పూట ఇవ్వు, చూస్తా."

వెళ్లి చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి నడిపించాను.

"గేటు సంగతి తర్వాత చూద్దాం బాబాయిగారూ. రేపు మిమ్మల్ని ఒక్క పూట నాకివ్వండి. కళ్ల డాక్టరు దగ్గర చిన్న పనుంది. వాడుకుని తెచ్చేస్తా."