కక్షల వీధిలో ఫిడేలు వాయించిన ఓబులేసు అయ్యవారు

ఓబులేసు అయ్యవారు కన్నుమూశారన్న వార్త సోమవారం ఉదయం ఎర్రగుంట్ల నుంచి వచ్చింది. ఆయన పెండ్లి ఆర్కెస్ట్రాలో పాడుతూ, ఆయన దగ్గరే ఫిడేలు నేర్చుకున్న నాకు ఆ మాట చెవిన పడినా మనసుకెక్కలేదు. నిద్రలోనే గుండె ఆగిందట. మేము ఏళ్ల తరబడి భయపడిన మరణం ఇది కాదు.

యౌవనంలో ఆయన హరికథలకు పక్కవాద్యం వాయించారు. కర్నూలులో పొరుగింటి ముస్లిం మిత్రుల గజళ్లు విన్నాక ఆయన సంగీతానికి కొత్త నడక అబ్బింది. కూర్చుని వాయించే ఫిడేలును గడ్డం కింద ఆనించి, ఊరేగింపు బండి మీద నిలబడ్డారు. శాస్త్రీయ రాగంతో మొదలుపెట్టి, గజల్ వంపు తిప్పి, సినిమా పాట దరువులోకి దూకేవారు. "జనం కాళ్లు కదలకుంటే అది పెండ్లి పాటే కాదు పాపా" అనేవారు.

కోయిలకుంట్ల వైపు రెండు వర్గాల కక్షలున్న ఒక పల్లెలో పెండ్లి ఒప్పుకున్నాం. ముందురోజు మధ్యాహ్నం పెండ్లివారి ఎదుటి వర్గం పెద్దమనిషి ఒకాయన మా రిహార్సలుకు వచ్చాడు. మర్యాదగా కూర్చుని మజ్జిగ తాగాడు.

"ఏమప్పా ఓబులేసూ, శానా బాగా వాయిస్తాండావు. రేపు మా వీధిలోకి మాత్రం రావద్దు. నీ చేతులు బాగుండాల."

"మాటిచ్చినానప్పా. వాళ్లు గుడికి పోవాలంటే ఇంకో దోవ యాడుండాది?"

అతను నవ్వి లేచిపోయాడు.

మర్నాడు ఆ వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. మిద్దెల మీద మనుషులు మాత్రం నిలబడి చూస్తున్నారు. డ్రమ్ములు ఆగిపోయాయి. నేను పాట ఆపేశాను. అయ్యవారొక్కరే బండి దిగి, వధూవరుల ముందు వాయిస్తూ నడిచారు. రాయి ఒక్కటీ పడలేదు. వీధి దాటాక నేను ఏడ్చేశాను.

"ఏడ్వద్దు పాపా. ఇంకా అయిపోలే" అన్నారాయన.

ఆ వేసవిలోనే ఒక పొలం గట్టున ఎవరో ఆయన ఎడమచేతి వేళ్లు విరగ్గొట్టారు. కొట్టినవారి పేరు ఆయన ఎవరికీ చెప్పలేదు. చిటికెనవేలు మళ్లీ వంగలేదు. మిగిలిన వేళ్లతో స్వరస్థానాలన్నీ కొత్తగా వెతుక్కున్నారు. ఆ వాయింపులో పూర్వపు వేగం తగ్గి, వినేవాణ్ని నిలువునా కదిలించే ఆర్ద్రత చేరింది.

కొన్నేళ్లకు ఆ పెద్దమనిషే తన కూతురి పెండ్లికి పిలిచాడు. మేము వద్దని మొత్తుకున్నాం.

"ఆ పిల్ల ఏం చేసింది? పోదాం పాండి" అన్నారు.

అక్కడ ఆయన వాయిస్తున్నంతసేపూ పెద్దమనిషి ఆ ఎడమచేతినే చూస్తూ నిలబడ్డాడు. చివరికి తల దించుకుని లోపలికి వెళ్లాడు. అది పశ్చాత్తాపమో, కక్షో మాకు తెలియలేదు. ఆ తరువాత కూడా అయ్యవారు ఒంటరిగా ఊరు దాటిన ప్రతిసారీ మా ప్రాణాలు గుప్పిట్లోనే ఉండేవి.

నిన్న రాజంపేట దగ్గరి పల్లె నుంచి పెండ్లివారు ఫోను చేశారు. "అయ్యవారు లేకపాయె. ఫిడేలు ఎవరు వాయిస్తారమ్మా?" అని అడిగారు. నేనే వాయిస్తానన్నాను. ఆ ఊళ్లోనూ రెండు వర్గాలున్నాయట. గురుదేవుని పాదాలకు మనసులోనే మొక్కి బయలుదేరుతున్నాను. భయమేసినప్పుడు చాటున నిలబడడానికి అయ్యవారి వీపు ఇక లేదు.