సెన్సార్ మీద వార్నిష్

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను నాగాయలంక వైపు రొయ్యల చెరువుల దగ్గర మోటార్ల ప్యానెళ్లు బాగుచేస్తాను. అక్కడి ఉప్పుగాలికి ఏ సర్క్యూట్ బోర్డూ నిలవదు. అందుకని ఏది చేతికొచ్చినా ముందు దాని మీద వార్నిష్ పూయడం నాకు అలవాటు. నేను చేసిన పని మళ్లీ రిపేరుకి రాదని అనేవారు. ఆ మాట వింటే కడుపు నిండిపోయేది.

ఒక చెరువుల యజమాని వాళ్ల నాన్నగారు గుడివాడలో ఉంటారు. రిటైరైన లెక్కల మాస్టారు. మావయ్యగారూ అని పిలిచేవాణ్ణి. హాల్లో పెద్ద చెక్క మీద బొమ్మ రైలు పట్టాలు వేసుకున్నారు, ఒక లైను బందరుకి, ఒకటి భీమవరానికి. వాటికి సెన్సార్లు నేనే బిగించాను. సెన్సార్ అంటే పక్కపక్కనే రెండు చిన్న బల్బుల్లాంటివి. ఒకటి కంటికి కనిపించని వెలుగు వేస్తుంది, అది రైలుకి తగిలి తిరిగొస్తే రెండోది పట్టుకుంటుంది. అప్పుడు సిగ్నల్ ఎర్రగా మారి వెనక రైలు ఆగాలి. నా చాదస్తం కాకపోతే, గుడివాడ హాల్లో ఉప్పుగాలి ఎక్కడిది? అయినా పూశాను. ఆ రెండింటి మీద కూడా.

వానాకాలంలో ఫోన్ వచ్చింది. రైలు నిలబడి ఉన్నా సిగ్నల్ పచ్చగానే ఉంటోందట, వెనకది వచ్చి గుద్దేస్తోందట. చల్లపల్లి, పామర్రు మీదుగా బస్సులో వెళ్లాను. కరెంటు సరిగానే వస్తోంది. ఆ కనిపించని వెలుగు ఫోన్ కెమెరాకి కనిపిస్తుంది, అందులో చూస్తే మసకగా ఉంది. గోటితో గీకాను. తేమకి వార్నిష్ పాలలా తెల్లబడిపోయింది. గీకగానే ఆ సెన్సార్ పనిచేసింది.

తప్పు నాదేనని ఆ క్షణమే తెలిసింది. చెప్పేయాల్సింది. కానీ వాళ్లబ్బాయి, అంటే నాకు పనిచ్చే ఆయన, వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన చెరువుల ప్యానెళ్లన్నిటికీ అదే వార్నిష్.

"ఏమైంది బాబూ?" అన్నారు మావయ్యగారు.

సెన్సార్ ఎంత దూరం పట్టాలో సరిచేసే చిన్న స్క్రూ ఒకటి బోర్డు మీద ఉంటుంది. దాన్ని చూపించాను.

"మీరే ఈ స్క్రూ తిప్పేసి మర్చిపోయినట్టున్నారండీ."

"నేనా? నేను దాన్ని ముట్టుకోలేదే."

"తిప్పారండీ. తెలుస్తోందిగా."

"ఈమధ్య నాన్నది ఇదే వరసలే," అన్నాడు కొడుకు. "మొన్న కళ్లజోడూ ఇంతే."

మావయ్యగారు తన వేళ్లకేసి చూసుకున్నారు. "తిప్పానేమో మరి," అన్నారు.

వాళ్లు కాఫీకి లోపలికి వెళ్లగానే మిగతావన్నీ గబగబా గీకేశాను. అన్నీ పనిచేశాయి. మెచ్చుకున్నారు కూడా.

తర్వాత ఇంట్లోవాళ్లు మావయ్యగారి స్కూటర్ తాళం దాచేశారు. బజారుకి ఆయన్ని ఒంటరిగా పంపడం మానేశారు. ఆయనా ఎదురు చెప్పలేదు, తన మీద తనకే నమ్మకం పోయింది. మళ్లీ ఏం పాడుచేస్తానో అని రైళ్ల జోలికి వెళ్లడం మానేశారట. కొంతకాలానికి నిజంగానే మతిమరుపు పట్టుకుంది.

నా వల్లే వచ్చిందా? వయసుకి ఎలాగూ వచ్చేదేనా? డాక్టర్ని అడగాలంటే ఏమని అడగను? ఎలాగూ వచ్చేదే అనుకుంటే కాసేపు ఊపిరాడుతుంది. కానీ అది వచ్చేదాకా ఆ మనిషి తన రైళ్లతో, తన స్కూటర్‌తో, తన బుర్ర మీద తన నమ్మకంతో హాయిగా ఉండేవారు కదా, ఆ కాలాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కున్నది వయసు కాదు, నేను.

మొన్న ఈస్టర్ మర్నాడు వెళ్లాను. ఒంటరిగా దొరికారు. చేతులు పట్టుకుని అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. నా వీపు నిమిరారు.

"బాధపడకు బాబూ. నేనే తిప్పుంటాను. నాకు గుర్తుండదుగా," అన్నారు.

ఇంక ఎవరికి చెప్పుకోను? కొడుక్కి చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. రేపు కూడా ఆ చెరువుల దగ్గరికే వెళ్లాలి. మావయ్యగారు ఆ స్క్రూ ముట్టుకోలేదండి. ఆ రోజు ఆయన బుర్ర శుభ్రంగా ఉంది. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే. ఇప్పుడు మీకూ తెలుసు.