చెల్లెలి కుట్టు

చెల్లెలి చేతిని చూస్తే చాలు, పెద్దకాజాకు కడుపు మండిపోయేది. కోట్లు కుట్టే షాపులో అక్కాచెల్లెళ్ళిద్దరూ గుండీలు పట్టే కాజాలు చేత్తో కుట్టేవాళ్ళు. అందుకే అందరూ వాళ్ళను పెద్దకాజా, చిన్నకాజా అనే పిలిచేవారు. చిన్నదాని కాజాలు కోటు ముందుభాగానికి వెళ్ళేవి. పెద్దదానివి లోపలి జేబులకు, ఎవరూ చూడని చోటికి. దాని బుర్ర పుట్టుకతోనే అలా తయారైంది, నాది ఇలా తగలడింది అని ఆమె ఒకటే సణుగుడు. సణుగుతూనే, కళ్ళలో నిప్పులు పోసుకుని, ఏళ్ళ తరబడి ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

ఒక ఉదయం ఆ చేయి పక్షవాతంతో పడిపోయింది. పెద్దకాజా ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ముందుభాగాలు ఇక తనకే వస్తాయన్న ఆశ కూడా ఆ ఏడుపులోనే ఉంది. రాలేదు. షాపు మాస్టరు ఆమె కుట్టు చూసి, పెదవి విరిచి, ముందుభాగాలను బయటి పనివాళ్ళకు పంపించాడు.

వ్యాయామం చేయించడానికి ఇంటికొచ్చే అమ్మాయి, చేయి కదలకపోయినా రోజూ మనసులో కుట్టమంది. అలా తలుచుకుంటూ ఉంటే మెదడులో కొత్త దారి పడొచ్చట. బుర్రే చెడితే తలపు ఎక్కణ్ణుంచి వస్తుందని పెద్దకాజా ఎకసెక్కమాడింది. తీరా చూస్తే చిన్నదానికి తన కుట్టే గుర్తు రాలేదు.

"నేనెలా కుట్టేదాన్నో నువ్వే చెప్పక్కా," అంది.

చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఓర్వలేక చూసిన కళ్ళు కదా, ఏదీ వదల్లేదు. దారం లాగేముందు మణికట్టు ఎలా తిరిగేదో, ముడి పడేటప్పుడు బొటనవేలు ఎక్కడ నొక్కేదో అన్నీ తెలుసు. మొదట్లో మనసొప్పక తప్పులు చెప్పింది. తర్వాత తనకే సిగ్గేసి, కళ్ళు మూసుకుని ఒక్కో కుట్టూ ఉన్నదున్నట్టు చెప్పసాగింది.

వారాలు గడిచాయి. చెల్లెలి వేళ్ళు కాస్త వణికాయి, అంతే. పెద్దకాజా కుట్టిన జేబును మాత్రం మాస్టరు వెలుతురులోకి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. ఇది చిన్నదాని కుట్టే కదా అని, కోటు ముందుభాగం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ కోటు ఇంటికి తెచ్చుకుని, మంచం పక్కన కూర్చుని, చెల్లెలికి చూపిస్తూ కుట్టింది. కాసేపటికి తలెత్తింది. చిన్నది కోటును చూడడం లేదు. రెప్ప వేయకుండా అక్క మణికట్టునే చూస్తోంది. అది ఎలాంటి చూపో పెద్దకాజాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కుట్టకుండా చెప్పక్కా," అంది చిన్నది.

పెద్దకాజా సూదిని గుడ్డలోనే వదిలేసి, చేతులు కోటు కింద దాచుకుంది.