రెండో సాక్షి

ఆయనకున్నది ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా, "సాక్షులెవరు? ఇద్దరుండాలి!" అంటాడు.

ముప్ఫై ఏళ్ళు సైనిక కార్యాలయంలో శౌర్య పతకాల విభాగం గుమాస్తా మరి. యుద్ధంలో ఎవడెంత సాహసం చేసినా, కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు సంతకం పెడితేగాని ఫైలు కదలదు. ఉద్యోగం అయిపోయాక ఆ రూలు వచ్చి ఇంటిమీద పడింది.

"పాలు పొంగిపోయాయండీ!" అంటుంది భార్య.

"చూసిందెవరు?"

"నేనే."

"ఒక్కరేగా? చెల్లదు."

పొయ్యి కడుక్కుంటున్న మనిషికి ఒళ్ళు మండదూ?

ఓసారి అల్లుడొచ్చి, "మీ అమ్మాయి నన్ను నానా మాటలూ అంది మామయ్యా" అని మొరపెట్టుకున్నాడు. ఇద్దరు సాక్షుల్ని తెమ్మన్నాడీయన. పాపం, అత్తగారినీ పక్కింటామెనీ తెచ్చుకున్నాడు. ఇద్దరూ కూతురి వైపే చెప్పారు. ఫైలు మూసేశాడు.

దీనికి తోడు నెలనెలా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోస్టాఫీసుకి పోయేవాడు. ఉత్తరాలెవరికండీ అంటే నోరు విప్పడు. భార్యకి లోపల పీకుతూనే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే పరదేశపు స్టాంపులతో కవరొచ్చింది. చదివి, చెప్పులేసుకుని బయల్దేరాడు. "ఎక్కడికో నేనూ చూస్తా" అని ఆవిడా వెంటపడింది.

దారిలో చెప్పాడు. పదకొండేళ్ళ కిందట ఒక సిపాయి, గాయపడ్డవాళ్ళు వెనక్కి తప్పుకునేదాకా వంతెన దగ్గర ఒక్కడే నిలబడి పోరాడి చనిపోయాడు. అది చూసినవాళ్ళలో చివరికి బతికినవాడు ఒకే ఒక్కడు. 'సాక్షి ఒక్కరే' అని రాసి ఆ ఫైలు తిప్పి పంపింది ఈయనే. అదే యుద్ధంలో గుడారం దాటని ఓ అధికారికి పతకం దక్కింది. ఆరుగురు సాక్షులు, ఆరుగురూ ఆ అధికారి కింద పనిచేసేవాళ్ళే.

"పతకం రాలేదంటే పారిపోయే ఉంటాడని వీధంతా కూసిందట. వాళ్ళమ్మ గడప దాటడం మానేసింది."

"మరి ఈ ఉత్తరాలు?"

"అవతలి సైన్యంలో పనిచేసినవాళ్ళకి. సాక్షి మనవాడే అయ్యుండాలని రూలులో లేదుగా!"

ఈ మనిషినా తను ఇన్నాళ్ళూ అనుమానించింది! ఆవిడకి సిగ్గేసింది.

"అయితే పతకం వస్తుందన్నమాట!"

"రాదు. శత్రువు సంతకం చెల్లదని రూలులో చేర్చారు."

"ఎప్పుడు?"

"నేను వెళ్ళి అడిగాక."

ఆ తల్లి తలుపు తీసింది. పట్టపగలే గది చీకటిగా ఉంది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఈయన పతకాల ఆఫీసులో పనిచేసినవాణ్ణని చెప్పి, తర్జుమా కాగితం తీసి, గొణుగుతున్నట్టు చదివాడు.

'ఆ రోజు వంతెనకి ఇవతల నేనున్నాను. మేం ఇరవై మందిమి, అతనొక్కడు. సాయంత్రం దాకా మమ్మల్ని అడుగు వెయ్యనివ్వలేదు. గుండు తగిలాక కూడా వెనక్కి తిరగలేదు. అతన్ని మేమే పూడ్చి, వందనం చేశాం.'

ఆ తల్లి కాగితం మీద చెయ్యి వేసింది.

"వాణ్ణి చంపినవాళ్ళు ఒప్పుకున్నారు. మీ ఆఫీసుకేం వచ్చింది నాయనా?"

ఆయన తలెత్తలేకపోయాడు. "ఆ ఫైలు తిప్పి పంపింది నేనేనమ్మా. పతకం ఇప్పించలేను."

"ఎవడిక్కావాలి నీ పతకం? ఇంకోసారి చదువు."

మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. భార్య లేచి, వీధి వైపు కిటికీలు రెండూ బార్లా తెరిచింది.

"ఆ నసుగుడేమిటండీ? గొంతు పెంచండి. వీధి చివరిదాకా వినపడాలి!"